సెక్షన్ 24 చదివారా? నిఘా సంస్థలు బిల్లులకు జవాబు చెప్పేది అక్కడే

మిత్రులారా, ఈ వారం టాపిక్ జీఎస్-2కీ జీఎస్-3కీ రెండింటికీ పనికొస్తుంది: నిఘా సంస్థలు, వాటిపై పర్యవేక్షణ. ఈ మాట వినగానే మీ పెన్ను ఏం రాస్తుందో నేను చెప్పగలను. ఒక పక్క పౌరుడి తెలుసుకునే హక్కు, ఇంకో పక్క దేశ భద్రత, మధ్యలో త్రాసు బొమ్మ, చివర్లో ‘రెండింటి మధ్య సమతుల్యత అవసరం’. ఖరగ్‌పూర్‌లో మా స్టడీ గ్రూపు వాళ్లం ఒకరి పేపర్లు ఒకరం దిద్దుకుంటాం. పేర్లు చేత్తో మూసేస్తే ఏ పేపర్ ఎవరిదో చెప్పలేనంతగా అన్నీ ఇలాగే ఉంటాయి. దిద్దేవాళ్లకి నిద్రొచ్చే జవాబు ఇది.

త్రాసుని కాసేపు పక్కన పెట్టండి. పారదర్శకత కోసం ఒక బిల్లు వచ్చినప్పుడు నిఘా సంస్థ అసలు ఏం చేస్తుంది? అది చూద్దాం. పేపర్లు తిరగేస్తే ఐబీ డైరెక్టర్ ఫలానా బిల్లుని వ్యతిరేకించారన్న వార్త మీకు దొరకదు. మన దేశంలో ఆ సంస్థలు నోరు విప్పవు. ధర్నా చేయవు, ప్రెస్‌మీట్ పెట్టవు, స్టాండింగ్ కమిటీ ముందుకొచ్చి వాదించడం కూడా అరుదే. వాటి తరఫు జవాబు ఒక క్లాజుగానో, షెడ్యూలుగానో, గెజిట్ నోటిఫికేషన్‌గానో, కోర్టులో రెండు పేజీల అఫిడవిట్‌గానో వస్తుంది. కాబట్టి ఈ టాపిక్‌ని ఎడిటోరియల్స్‌లో కన్నా బేర్ యాక్ట్‌లోనే బాగా చదవగలం.

ఆర్టీఐతో మొదలుపెడదాం. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబర్ 12న పూర్తిగా అమల్లోకి వచ్చింది. దానికి ముందు 2002లో ‘ఫ్రీడమ్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ యాక్ట్’ అని ఒకటి పార్లమెంటు ఆమోదం పొంది, అమల్లోకి రాకుండానే పోయింది. చాలామంది దాన్ని ఒక తేదీగా గుర్తుపెట్టుకుని వదిలేస్తారు. కానీ అందులో సెక్షన్ 16 చూడండి. నిఘా, భద్రతా సంస్థలకు ఈ చట్టం వర్తించదని అందులోనే ఉంది, వెనకాల షెడ్యూలు కూడా ఉంది. అంటే పౌరుడికి తలుపు తెరవకముందే ఈ సంస్థలకు వేరే గది కట్టేశారు. 2005 చట్టంలో ఆ గదే సెక్షన్ 24 అయింది, షెడ్యూలు రెండో షెడ్యూలు అయింది. మొదటి జాబితాలో 18 సంస్థలున్నాయి. ఐబీ, రా సరే. వాటితోపాటు డీఆర్‌ఐ, ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్, నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో, బీఎస్‌ఎఫ్, సీఆర్‌పీఎఫ్, సీఐఎస్‌ఎఫ్ లాంటివి కూడా. ఇందులో అందరూ గూఢచారులేనా అని అడిగితే ఏం చెబుతారు? సీఐఎస్‌ఎఫ్ జవాను ఎయిర్‌పోర్టు గేటు దగ్గర మన టికెట్ చూస్తాడు. అతని సంస్థలో బదిలీల సమాచారం ఎందుకు రహస్యమో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

2005లో ప్రజాఉద్యమాలు సాధించిందేమిటంటే సెక్షన్ 24లోని ప్రొవైజోలు. అవినీతి ఆరోపణలకు, మానవ హక్కుల ఉల్లంఘనకు సంబంధించిన సమాచారం ఈ మినహాయింపు కిందికి రాదు. మానవ హక్కుల విషయమైతే కేంద్ర సమాచార కమిషన్ ఆమోదంతో, దరఖాస్తు అందిన 45 రోజుల్లో ఇవ్వాలి. తలుపు మూసినా ఒక కిటికీ మిగిలింది. తర్వాతి ఇరవై ఏళ్ల కథంతా ఆ కిటికీ ఎంత వెడల్పు అన్న గొడవే.

ఇక్కడ మా వీధి సంగతి ఒకటి చెప్పాలి. మా పక్క క్వార్టర్‌లో ఒక అన్నయ్య ఉండేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ల తాతగారు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లోనే వచ్చి ఇక్కడి వర్క్‌షాపులో చేరారు. మా కుటుంబం కథా అదే, ఈ ఊళ్లో సగం తెలుగు కుటుంబాల కథా అదే. అన్నయ్య ఒక కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి రాత పరీక్ష, మెడికల్ అన్నీ దాటాడు. అటెస్టేషన్ ఫారం నింపి ఇచ్చాడు. వెరిఫికేషన్ దగ్గర ఆగిపోయింది. ఎందుకు ఆగిందో ఎవరూ చెప్పరు. పోలీస్ కేసు లేదు. కాలేజీ రోజుల్లో ఏదో ఊరేగింపులో నడిచాడని ఒకరు, పేరు ఇంకెవరితోనో కలిసిపోయి ఉంటుందని ఒకరు. ఆర్టీఐ పెట్టాడు. నియామకం చేసే ఆఫీసునే అడిగాడు, ఏ నిఘా సంస్థనీ కాదు. ‘నా గురించి మీకొచ్చిన రిపోర్టులో ఏముంది?’ అన్నదొక్కటే ప్రశ్న. నెల తిరక్కుండా ఒక వాక్యం వచ్చింది: సెక్షన్ 24 ప్రకారం ఇవ్వలేము. మొదటి అప్పీలుకీ అదే వాక్యం, కింద సంతకం మాత్రం వేరు. రెండో అప్పీలు విచారణకు వచ్చేసరికి అతనికి వయోపరిమితి దాటింది. ఇప్పుడు గోల్‌బజార్‌లో మొబైల్ షాపులో కూర్చుంటాడు. మేము పుస్తకాలు పట్టుకుని వెళ్తుంటే వదిన నవ్వి ‘ఫారం జాగ్రత్తగా నింపండి రా’ అంటుంది.

అతని కోసమే నేను సెక్షన్ 24ని మొదటిసారి మాట మాటా చదివాను. మీరూ అలాగే చదవండి, రెండు ఉపవిభాగాలు పక్కపక్కన పెట్టుకుని. 24(1) కేంద్ర సంస్థలది. అందులో ఆ సంస్థలకే కాదు, అవి ‘ప్రభుత్వానికి అందజేసిన సమాచారానికి’ కూడా చట్టం వర్తించదని ఉంది. అంటే ఐబీ రాసిన కాగితం మామూలు ఆఫీసులో మామూలు ఫైల్లో ఉన్నా, దాని మీద పరదా ఉంటుంది. 24(4) రాష్ట్ర సంస్థలది. రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేసిన సంస్థలకు చట్టం వర్తించదు అంటుంది. కానీ ‘అందజేసిన సమాచారం’ అన్న మాటలు అందులో లేవు. కాబట్టి రిపోర్టు రాసింది కేంద్ర సంస్థా రాష్ట్ర పోలీసుల ప్రత్యేక విభాగమా అన్నదాన్ని బట్టి వాదన మారిపోతుంది. అన్నయ్యకు వచ్చిన జవాబులో ఏ ఉపవిభాగమో కూడా రాయలేదు. ఆ అంకె ఒక్కటి అడిగి ఉంటే కథ ఇంకోలా నడిచేదేమో. వకీలు దొరకని వాళ్లకి బేర్ యాక్టే వకీలు.

ఇక షెడ్యూలు పెరిగిన తీరు. 24(2) ప్రకారం షెడ్యూలులో కొత్త పేరు చేర్చడానికి బిల్లు అక్కర్లేదు, గెజిట్‌లో నోటిఫికేషన్ చాలు. దాన్ని రెండు సభల ముందూ ఉంచాలి, అంతే. 2011 జూన్ 9న ఆ దారిలోనే సీబీఐ, ఎన్‌ఐఏ, నాట్‌గ్రిడ్ చేరాయి. సీబీఐ చాలాకాలంగా దీన్ని కోరుతూ ఉంది. ఆ ఏడాది ఎలాంటిదో గుర్తు తెచ్చుకోండి: 2జీ కేసు నడుస్తోంది, లోక్‌పాల్ కోసం దేశమంతా రోడ్డు మీద ఉంది. అవినీతి కేసులు దర్యాప్తు చేసే సంస్థ సరిగ్గా అప్పుడే ‘భద్రతా సంస్థ’ అయింది. 2023 నవంబర్‌లో సెర్ట్-ఇన్ చేరింది. కంప్యూటర్ దాడులు, డేటా లీకులు జరిగితే చూసే సంస్థ అది. మీ వివరాలు ఎక్కడో లీకైతే ఆ సంస్థ ఏం చేసిందని అడిగే దారి అక్కడితో ఇరుకైంది.

అలా చేరాక కిటికీని ఎంత మూయొచ్చో సంస్థలు ప్రయత్నించి చూశాయి. ప్రొవైజోలో ‘అవినీతి’ అంటే మా సంస్థలో జరిగిన అవినీతి మాత్రమేనని ఐబీ వాదించింది. 2017 ఆగస్టులో సంజీవ్ చతుర్వేది కేసులో ఢిల్లీ హైకోర్టు ఒప్పుకోలేదు. అవినీతి ఎక్కడిదైనా, దానికి సంబంధించిన సమాచారం మినహాయింపు కిందికి రాదంది. సీబీఐ అయితే మొత్తం చట్టమే మాకు వర్తించదంది. 2024 జనవరి 30న అదే హైకోర్టు, అదే అధికారి వేసిన ఇంకో దరఖాస్తు విషయంలో, ఆ వాదననీ తోసిపుచ్చింది. ఆయన ఐఎఫ్‌ఎస్ అధికారి, అటవీ సేవ. ఎథిక్స్ పేపర్‌లో విజిల్‌బ్లోయర్ ఉదాహరణగా ఆయన పేరు మీకు తెలిసే ఉంటుంది. కానీ సెక్షన్ 24 కింద ఆయన సాధించిన రెండు తీర్పులు జీఎస్-2కి అంతకంటే విలువైనవని నా అభిప్రాయం.

ఇదంతా పారదర్శకత చట్టం కథ. పర్యవేక్షణ చట్టం కథ ఇంకా చిన్నది, ఎందుకంటే అలాంటి చట్టమే లేదు. ఐబీ మూలం 1887 డిసెంబర్ 23 నాటి బ్రిటిష్ ఉత్తర్వులో ఉంది. రా 1968లో పుట్టింది, కార్యనిర్వాహక నిర్ణయంతో. రెండింటికీ పార్లమెంటు చేసిన స్థాపక చట్టం లేదు. ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలో 8వ ఎంట్రీగా ‘సెంట్రల్ బ్యూరో ఆఫ్ ఇంటెలిజెన్స్ అండ్ ఇన్వెస్టిగేషన్’ ఉంది కదా అంటారు. నిజమే, కానీ ఎంట్రీ అంటే చట్టం చేసే అధికారం మాత్రమే. చేసిన చట్టం కాదు. ప్రిలిమ్స్‌లో ఈ తేడా మీద ప్రశ్న ఎప్పుడైనా రావచ్చు, జాగ్రత్త.

ప్రయత్నాలు జరగలేదా అంటే జరిగాయి. ఎమర్జెన్సీలో ఐబీని రాజకీయానికి వాడారని షా కమిషన్ తేల్చింది. జనతా ప్రభుత్వం వేసిన ఎల్.పి. సింగ్ కమిటీ ఆ సంస్థకు ఒక చార్టర్ కావాలంది. 2010 జనవరిలో, రా వ్యవస్థాపకుడు ఆర్.ఎన్. కావ్ పేరిట జరిగే స్మారక ఉపన్యాసంలో, అప్పటి ఉపరాష్ట్రపతి హమీద్ అన్సారీ నిఘా సంస్థలకు పార్లమెంటు స్థాయీ సంఘం ఎందుకు ఉండకూడదని అడిగారు. గూఢచారుల ఇంట్లో కూర్చుని అడిగినట్టే. మరుసటి ఏడాది మనీష్ తివారీ లోక్‌సభలో ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టారు: ఇంటెలిజెన్స్ సర్వీసెస్ (పవర్స్ అండ్ రెగ్యులేషన్) బిల్లు, 2011. పర్యవేక్షణ కమిటీ, ట్రిబ్యునల్, అంబుడ్స్‌మన్ అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని ఎవరూ ఖండించలేదు, ఓడించలేదు. ఊరికే ఉండిపోయింది. 2012లో ఆయన మంత్రి అయ్యారు. ప్రైవేటు మెంబర్ బిల్లు చట్టమవడం 1970 తర్వాత ఈ దేశంలో జరగనే లేదు. దానికితోడు మాట్లాడని సంస్థలు, మాట్లాడని మంత్రిత్వ శాఖ. మౌనం ఎంత బాగా పనిచేస్తుందో చూడండి. ఈ సంస్థల్ని జవాబుదారీ చేయమని సుప్రీంకోర్టుకు వెళ్లిన పిల్ కూడా 2016 ఫిబ్రవరిలో కొట్టివేతకు గురైంది.

అయితే నిఘా సంస్థల పేరుతో పార్లమెంటు ఒక చట్టం చేసింది. 1985లో. అది సంస్థను కట్టడి చేసేది కాదు, అందులో పనిచేసే ఉద్యోగుల్ని కట్టడి చేసేది. 1980 ప్రాంతంలో ఐబీ, రా ఉద్యోగులు సంఘాలు పెట్టుకుని ఆందోళనకు దిగారు. దాంతో 1984లో 50వ రాజ్యాంగ సవరణ వచ్చింది. ఆర్టికల్ 33 పరిధిలోకి నిఘా సంస్థలు చేరాయి. ఆ మరుసటి ఏడాదే ఇంటెలిజెన్స్ ఆర్గనైజేషన్స్ (రిస్ట్రిక్షన్ ఆఫ్ రైట్స్) యాక్ట్: సంఘం పెట్టుకోకూడదు, పత్రికలతో మాట్లాడకూడదు. మాలాంటి యూనియన్ ఊళ్లో పెరిగినవాళ్లకి ఇది చదివితే ఎలా ఉంటుందో చెప్పనా? బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కార్మికుల్ని నడిపిన నాయకుల్లో వి.వి. గిరి ఒకరు. 1928 సమ్మె పేరు మా తాతల నోట వినే పెరిగాం. తర్వాత ఆయన రాష్ట్రపతి అయ్యారు. 1974 రైల్వే సమ్మె మే 8న మొదలై ఇరవై రోజులు నడిచింది. ఎవరి మీద నిఘా పెట్టాలో రాసే ఉద్యోగులే సంఘం పెట్టుకుంటే ప్రభుత్వం ఐదేళ్లలో రాజ్యాంగాన్నే మార్చింది. పౌరుల వైపు నుంచి అదే సంస్థకు ఒక చట్టం కావాలని అడుగుతుంటే నలభై ఏళ్లు దాటినా కాలేదు. చట్టం చేయడం కష్టమన్న మాట నేను నమ్మకపోవడానికి ఈ 1985 చట్టమే కారణం.

క్లాజు ఎలా కరిగిపోతుందో చూడాలంటే మాత్రం వ్యక్తిగత డేటా బిల్లుని మించిన ఉదాహరణ లేదు. పుట్టస్వామి తీర్పు తర్వాత జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ 2018లో ముసాయిదా ఇచ్చింది. అందులో సెక్షన్ 42 ప్రకారం దేశ భద్రత పేరుతో డేటా వాడాలంటే పార్లమెంటు చేసిన చట్టం ఉండాలి, ఆ పద్ధతి పాటించాలి, అవసరం మేరకే వాడాలి. నిఘా సేకరణపై పర్యవేక్షణకు వెంటనే చట్టం తేవాలని కమిటీ నివేదికలో విడిగా కూడా చెప్పింది. 2019లో ప్రభుత్వం పెట్టిన బిల్లులో ఆ చోటే క్లాజు 35 అయింది: కేంద్రం కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసి ఏ సంస్థనైనా మినహాయించవచ్చు. 2021లో సంయుక్త పార్లమెంటరీ కమిటీ ఆ పద్ధతి న్యాయంగా, సహేతుకంగా, అవసరానికి తగినంతగా ఉండాలని ఒక వివరణ చేర్చమంది. కొందరు సభ్యులు అదీ చాలదని అసమ్మతి రాశారు. చివరికి 2023 చట్టంలో సెక్షన్ 17(2)(ఏ) వచ్చింది. కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థకు చట్టం వర్తించదు. కారణాలు రాయాలన్న మాట లేదు, కమిటీ చేర్చమన్న వివరణ లేదు. ఐదేళ్లలో ‘ముందు చట్టం ఉండాలి’ అన్నది ‘నోటిఫికేషన్ చాలు’ అయింది. ఈ నాలుగు అంచెలూ ఒక పేజీ మీద రాసి గోడకు అంటించుకోండి. ఏ దశలోనూ ఏ నిఘా సంస్థా ఒక్క ప్రకటన చేయలేదు.

కోర్టులో జవాబు ఇంకో రకం. పెగాసస్ విషయంలో కేంద్రం సుప్రీంకోర్టుకు చిన్న అఫిడవిట్ మాత్రమే ఇచ్చి, వివరంగా చెప్పడం దేశ భద్రతకు మంచిది కాదంది. 2021 అక్టోబర్ 27న, మన తెలుగువారైన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ బెంచ్, దేశ భద్రత అన్న మాట ఒక్కటే అన్నిటికీ అనుమతి పత్రం కాదని చెప్పి, జస్టిస్ ఆర్.వి. రవీంద్రన్ పర్యవేక్షణలో సాంకేతిక కమిటీ వేసింది. 2022 ఆగస్టు 25న తేలింది: చూసిన 29 ఫోన్లలో ఐదింటిలో ఏదో మాల్‌వేర్ ఉంది, అది పెగాసస్సే అని తేల్చలేకపోయారు, ప్రభుత్వం సహకరించలేదని కమిటీ చెప్పింది. ఈ కేసు రాసేటప్పుడు చాలామంది 2021 ఉత్తర్వు దగ్గరే ఆపేస్తారు. 2022 రాయకపోతే జవాబు సగమే.

ఇది మన దేశపు జబ్బే అనుకోకండి. అమెరికాలో 1974లో సమాచార స్వేచ్ఛ చట్టాన్ని బలపరిచే సవరణలను అధ్యక్షుడు ఫోర్డ్ వీటో చేస్తే కాంగ్రెస్ ఆ వీటోని దాటి ఆమోదించింది. మరుసటి ఏడాది సెనేట్‌లో చర్చ్ కమిటీ సీఐఏ గుట్టు విప్పింది. కమిటీకి సహకరించిన సీఐఏ డైరెక్టర్ విలియం కోల్బీ ఆ ఏడాది నవంబర్‌లోనే పదవి నుంచి తొలగింపుకు గురయ్యాడు. 1978లో నిఘాకు కోర్టు అనుమతి తప్పనిసరి చేసే ఫీసా వచ్చింది. 1984 వచ్చేసరికి సీఐఏ తన ఆపరేషన్ ఫైళ్లను సమాచార చట్టం కింద వెతకనే అక్కర్లేదన్న ప్రత్యేక చట్టం సంపాదించుకుంది. అక్కడా గది కట్టుకున్నారు, కాకపోతే కాంగ్రెస్ కమిటీలూ కోర్టూ గది బయట కాపలా ఉన్నాయి.

బ్రిటన్ కథ నాకు ఇంకా ఆసక్తి. 1909లో పుట్టిన ఎంఐ5కి 1989 దాకా చట్టం లేదు. యూరప్ మానవ హక్కుల వేదికల్లో కేసులు మొదలయ్యాక, చట్టం లేని సంస్థ తనను తాను కాపాడుకోలేదని అక్కడి వాళ్లకే అర్థమైంది. 1994 చట్టం ఎంఐ6కి పునాది ఇచ్చి, పార్లమెంటు సభ్యుల కమిటీ పెట్టింది. సమాచార చట్టంలో మాత్రం వాళ్లకు పూర్తి మినహాయింపే ఉంది. దీన్ని మీ జవాబులో ఒక్క వాక్యంలో వాడొచ్చు: బ్రిటన్ పారదర్శకత ఇవ్వలేదు కానీ పర్యవేక్షణ ఇచ్చింది, మనం రెండూ ఇవ్వలేదు.

నిఘా సంస్థల వైపు వాదన కూడా వినాలి, అందులో పస ఉంది. సమాచారం ఇచ్చే మనిషి పేరు ఒక్కసారి బయటికొస్తే అతను బతకడు, ఇంకొకరు నోరు విప్పరు. మన కమిటీల నుంచి విషయాలు ఎలా బయటికి పొక్కుతాయో అందరికీ తెలుసు. రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2006 నాటి మొదటి నివేదికలో అధికార రహస్యాల చట్టాన్ని రద్దు చేయమన్నది అందరం రాస్తాం. అదే నివేదిక సైన్యాన్ని రెండో షెడ్యూలులో చేర్చమంది, ఆ షెడ్యూలుని అప్పుడప్పుడు సమీక్షించమంది, అందులోని సంస్థలన్నీ సమాచార అధికారుల్ని నియమించాలంది. రహస్యం వద్దని ఎవరూ అనలేదు. మనిషి పేరు, పద్ధతి, జరుగుతున్న ఆపరేషన్ రహస్యంగానే ఉండాలి. కానీ సంస్థకు ఏ అధికారం ఉంది, ఎవరికి లెక్క చెబుతుంది అన్నవి శత్రువుకి ఉపయోగపడే రహస్యాలు కావు. సీక్రెట్ సర్వీస్ ఖర్చుకి కాగ్ మామూలు ఆడిట్ కూడా ఉండదు, శాఖాధికారి ధ్రువపత్రమే సరిపోతుంది. మాజీ అధికారులు కూడా ఉన్న ఐడీఎస్‌ఏ టాస్క్‌ఫోర్స్ 2012లో నిఘా సంస్థలకు చట్టబద్ధత కావాలని రాసింది. చట్టం ఉంటే, తప్పుడు పని చేయమని పైనుంచి ఫోన్ వచ్చినప్పుడు కింది అధికారికి ‘కుదరదు సార్’ అనడానికి ఒక కాగితం ఉంటుంది. చట్టం వల్ల ఎక్కువ లాభం ఆ అధికారికే అని నేననుకుంటాను.

అలాంటి కాగితం లేకపోతే ఏమవుతుందో తెలంగాణ ఫోన్ ట్యాపింగ్ కేసు చూడండి. 2024 మార్చిలో స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో మాజీ డీఎస్పీ అరెస్టుతో మొదలైంది. మావోయిస్టుల మీద నిఘా కోసం పుట్టిన విభాగంతో రాజకీయ నాయకుల, ఇతరుల ఫోన్లు విన్నారన్నది, 2023 డిసెంబర్‌లో ప్రభుత్వం మారిన వేళ హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారన్నది ఆరోపణ. కోర్టులో ఉంది, తీర్పు మనం చెప్పకూడదు, పేపర్లో కూడా ‘ఆరోపణ’ అనే రాయండి. మీరు గమనించాల్సింది చట్టం వైపు. 1996 పీయూసీఎల్ తీర్పు ముందస్తు కోర్టు అనుమతి అక్కర్లేదంది, సమీక్ష కమిటీ చాలంది. 2007 నాటి 419ఏ నిబంధన ప్రకారం రాష్ట్రంలో అనుమతి ఇచ్చేది హోం కార్యదర్శి, రెండు నెలలకోసారి సమీక్షించేది ప్రధాన కార్యదర్శి అధ్యక్షతన ఉన్న కార్యదర్శులు. 2024 డిసెంబర్‌లో కొత్త టెలికాం చట్టం కింద వచ్చిన నిబంధనల్లోనూ సమీక్షించేది అధికారులే. జడ్జి లేడు, ఎమ్మెల్యే లేడు, ప్రతిపక్షం లేదు. ఆరు నెలలకోసారి రికార్డులు నాశనం చేయమని నిబంధనే చెబుతుంది. గోప్యత కోసమే ఆ నియమం, కాదనను. కానీ విచారణ మొదలయ్యేసరికి చేతిలో ఏం మిగులుతుంది?

ఆ కుర్చీల గురించి ఒక్క మాట. హోం కార్యదర్శి ఐఏఎస్. నిఘా విభాగం అధిపతి ఐపీఎస్. ఐబీలో డిప్యుటేషన్ మీద వెళ్లేది మన బ్యాచ్‌మేట్లే. ఈ వ్యాసం చదువుతున్నవాళ్లలో కొందరు అటెస్టేషన్ ఫారం నింపుతారు, కొందరు పాతికేళ్ల తర్వాత ట్యాపింగ్ ఉత్తర్వు మీద సంతకం పెడతారు. ఇంటర్వ్యూ బోర్డు ‘హోం కార్యదర్శిగా రోజుకి వంద అభ్యర్థనలు వస్తే ఎలా చదువుతారు?’ అని అడిగితే త్రాసు బొమ్మ పనికిరాదు.

మా ఊరి నుంచే ఇంకో ఉదాహరణ, ఆర్టికల్ 22కి. ఐఐటీ క్యాంపస్‌లో పాత హిజిలీ భవనం ఉంది, 1951లో ఐఐటీ మొదలైంది అక్కడే. అంతకుముందు అది డిటెన్షన్ క్యాంపు. 1930ల్లో బెంగాల్ యువకుల్ని విచారణ లేకుండా, పోలీస్ నిఘా రిపోర్టుల మీద అక్కడ పెట్టేవారు. ఆ రిపోర్టులో ఏముందో లోపలున్నవాడికి చూపించేవారు కాదు. 1931 సెప్టెంబర్ 16న గార్డులు కాల్పులు జరిపి సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరు ఖైదీలను చంపారు. రాజ్యాంగం రాసినప్పుడు 22(5) కింద నిర్బంధానికి కారణాలు చెప్పాలన్నారు, వెంటనే 22(6)లో ప్రజాప్రయోజనానికి విరుద్ధమైన వాస్తవాలు చెప్పనక్కర్లేదన్నారు. మన సెక్షన్ 24 పోలిక అక్కడే మొదలైంది. ప్రివెంటివ్ డిటెన్షన్ జవాబులో ఈ లింకు ఎవరూ రాయరు, మీరు రాయండి.

ఇప్పుడు పని. 250 పదాలు, 15 మార్కులు, పదకొండు నిమిషాలు: ‘భారతదేశంలో నిఘా సంస్థలపై పర్యవేక్షణ లేకపోవడానికి కారణం చట్టాల కొరత కాదు, చట్టాల్లోని మినహాయింపులు. చర్చించండి.’ కనీసం మూడు సెక్షన్ నంబర్లు, ఒక తీర్పు, ఒక విదేశీ ఉదాహరణ ఉండాలి. ‘సమతుల్యత’ అన్న మాట వాడకుండా రాయండి. వచ్చే ఆదివారం మా గ్రూపులో ఇదే పేపర్ దిద్దుకుంటాం, తర్వాతి టాపిక్ లోక్‌పాల్.